ఏండ్ల నుంచి పెట్టుకునే రంగే

(ఇది ఒక్కరి కథ కాదు. తలరంగు పడక డాక్టర్ల దగ్గరికి పరుగెత్తేవాళ్ల అనుభవాలు కలిపి అల్లినది.)

అనంతపురం పాతూరు. మరునాడు కూతురి నిశ్చితార్థం. చిల్లర కొట్లో తెచ్చిన నల్లరంగు పొడిని తల్లి గిన్నెలో కలిపి, పాత బ్రష్షుతో పాపిట నుంచి చెవుల వెనక దాకా పట్టించింది. ఆ పొద్దు కొళాయి రాలేదు. ట్యాంకరు వచ్చినాక కడుక్కుందామని వంటపనిలో పడింది. అరగంట కాస్తా రెండు గంటలైంది. నెత్తి ఒకటే దురద. పోయినసారీ ఇంతే, తగ్గిపోయింది కదా అనుకుంది.

మూడోరోజు తెల్లవారేసరికి రెప్పలు ఉబ్బి కళ్లు మూసుకుపోయాయి. చెవుల వెనక రసి కారుతోంది. "దిష్టి తగిలిందేమో" అంది అత్త. కొడుకు బండెక్కించుకుని పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు.

"తలకేం పెట్టుకున్నావమ్మా?"

"రంగు సార్. ఏండ్ల నుంచి పెట్టుకునేదే."

"అందుకేనమ్మా, ఇప్పుడు పడకుండా పోయింది."

చాలామందికి అర్థంకానిది ఈ మాటే. నల్లరంగుల్లో ఎక్కువగా వాడేది పారాఫినైలిన్‌డయమీన్, పొట్టిగా పీపీడీ. దాని అణువు చాలా చిన్నది, చర్మంలోకి ఇట్టే దూరుతుంది. అక్కడి ప్రొటీన్లకు అతుక్కుంటే రోగనిరోధక కణాలు దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటాయి. ఏళ్లపాటు ఏమీ కాకపోవచ్చు. గుర్తుపట్టడం మొదలయ్యాక మాత్రం ఆ అలర్జీ సాధారణంగా జీవితాంతం పోదు. పెట్టుకున్న గంటలోనే వాపు రావాలనేమీ లేదు, రెండు మూడు రోజులు పట్టొచ్చు. అందుకే తప్పు రంగుదని ఇంట్లో ఎవరికీ తోచదు. చేతులకు వేసే 'నల్ల గోరింటాకు'లోనూ ఇదే కలుపుతుంటారు.

1930లలో అమెరికాలో 'లాష్ ల్యూర్' అనే కనురెప్పల రంగు ఈ రసాయనంతోనే ఆడవాళ్ల చూపు పోగొట్టింది, ఒకరి ప్రాణం కూడా తీసింది. ఆ ఘోరం అక్కడ సౌందర్య సాధనాలకూ వర్తించే 1938 నాటి కొత్త చట్టానికి ఒక కారణమైంది. అయినా తలరంగులను నిషేధించలేదు, హెచ్చరిక ముద్రిస్తే చాలన్నారు. మన దేశ నిబంధనల్లోనూ అదే హెచ్చరిక ఉంది: ముందు పరీక్షించి చూడాలి, కనుబొమలకు, రెప్పలకు రాయకూడదు, చూపు పోవచ్చు. స్థానిక భాషలోనూ ఉండాలన్న ఆ హెచ్చరికను చీమతలకాయంత అక్షరాల్లో అచ్చేస్తే ఎవరు చదవగలరు? ఇది కొనేవాళ్ల తప్పు కాదు.

రంగు వేసుకోవడానికి రెండు రోజుల ముందు చెవి వెనక చుక్క రాసి చూడండి. ఇదివరకే దురద, వాపు వచ్చి ఉంటే ఆ పరీక్ష కూడా వద్దు. రంగే మానేయండి.