పెనుకొండ సీమలో బొమ్మవిద్య

నేటి కళాశాలలలో శిల్పము, రంగస్థల వస్తునిర్మాణము, దృశ్యభ్రాంతి కల్పనము అనునవి వేర్వేరు పాఠ్యాంశములు. ఒకరు రాతిని మలచుట నేర్తురు; వేరొకరు నాటకమునకు కిరీటమును, గదను చేయుట నేర్తురు; మరియొకరు వెలుగునీడలతో ప్రేక్షకుని కన్నును భ్రమింపజేయుట నేర్తురు. హిందూపురము, పెనుకొండ, ధర్మవరముల నడుమ ఈ మూడును ఒకే విద్యగా సాగిన సంప్రదాయ మొకటి కలదు. అది తోలుబొమ్మలాట. దానిని విద్యాచరిత్ర దృష్టితో పరిశీలించుట మా ఉద్దేశము.

ఈ సీమకు పెనుకొండ రాజకీయ కేంద్రము. 1565లో రాక్షసి తంగడి యుద్ధమునకు పిమ్మట తిరుమలరాయలు రాజధానిని ఇచ్చటికి మార్చెను. అంతకు పూర్వమే, అచ్యుతదేవరాయల కాలమున (1529–1542), విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు హిందూపురమునకు చేరువనున్న లేపాక్షిలో వీరభద్రాలయమును విస్తరించిరి. అచ్చటి నాట్యమండప స్తంభములపై రంభ ఆడుచుండ, తుంబురుడు, నందీశ్వరుడు మొదలగువారు వాద్యములతో తోడ్పడుచున్నట్లు శిల్పులు మలచిరి. ఒక్కొక్క స్తంభము విడిగా చూడదగినదే యైనను, మండప మధ్యమున నిలుచున్నవానికి అవి యన్నియు కలసి ఒక ప్రదర్శనమగును. రాతిపనివారు రంగస్థలమును ఎరిగినవారనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

లేపాక్షి పైకప్పు చిత్రములలోని కోలకన్నులు, పక్కకు తిరిగిన ముఖములు, అంచుల చీరలు తోలుబొమ్మలలోను కానవచ్చును. దీనినిబట్టి బొమ్మలవారు ఆలయచిత్రములను అనుకరించిరని కొందరు తలంపవచ్చును. కాని బొమ్మలాట ప్రసక్తి 13వ శతాబ్దినాటి పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రముననే కలదు. అనగా ఆట లేపాక్షి చిత్రములకంటె ప్రాచీనము. కావున ఒకదానికి మరియొకటి మూలమనుటకంటె, రెండును ఒకే దృశ్యభాషను పంచుకొన్నవనుట యుక్తమని మేము భావించుచున్నాము.

ధర్మవరమునకు సమీపమున నున్న నిమ్మలకుంట ఈ విద్యకు నేటి ప్రధానస్థానము. బొమ్మకు సాధారణముగా మేకతోలు వాడుదురు. దానిని వేడినీట నానబెట్టి, రోమములను గీకి, సాగదీసి ఆరవేయుదురు. అపుడది వెలుగును లోనికి పోనిచ్చు పలుచని పొరయగును. పిమ్మట రూపురేఖ గీసి, ఉలులతో రంధ్రములు తొలిచి, ఇరువైపుల రంగు వేయుదురు. రాతిశిల్పి రాతిని తొలగించి రూపమును వెలికితీయును. బొమ్మశిల్పి తోలును తొలగించి వెలుగునకు దారి చేయును. తెరపై హారముగా మెరయునది రంగు కాదు, రంధ్రము.

భుజములు, మోచేతులు మున్నగు కీళ్లవద్ద ముక్కలను దారముతో కూర్చుదురు. నడుమ నిలువు కఱ్ఱయు, చేతులకు సన్నని పుల్లలును ఉండును. బొమ్మ తెరకు అంటియున్నపుడు రేఖ స్ఫుటముగా నుండును. దీపమువైపు జరిపినకొలది నీడ పెరిగి మసకబారును. ప్రత్యేక యంత్రము లేకయే రాక్షసుడు పెరుగుట, దేవత అదృశ్యమగుట సాధ్యమగుచున్నది. కాలిక్రింది చెక్కపలకను త్రొక్కి యుద్ధధ్వనిని పుట్టింతురు. జుట్టుపోలిగాడు, బంగారక్క నడుమ నడుమ వచ్చి నవ్వింతురు.

ఈ విద్యను బోధించిన పాఠశాల కుటుంబమే. చెన్నపట్టణమున 1850లో అలెగ్జాండర్ హంటరు కళాపాఠశాలను స్థాపించెను. అట్టి పాఠశాలలలో విద్యార్థి చేసిన వస్తువును గురువు పరీక్షించును. బొమ్మలవారి యింట వస్తువును పరీక్షించునది ఆట. చెయ్యి సరిగా తిరుగని బొమ్మను తెరయే తిరస్కరించును. చేసినవాడే ఆడించును గనుక దోషము మరునాటి బొమ్మలో సవరింపబడును.

ఇచ్చటనే నేటి చిక్కు కలదు. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ పురస్కారము ప్రకటింపబడినది. ఆ గ్రామపు చేతిపనికి దీపపు గుమ్మటముల రూపమునను, గోడచిత్రముల రూపమునను గిరాకి ఏర్పడినది. ఆ గిరాకి కుటుంబములకు జీవనాధారము. దానిని తక్కువ చేయుట న్యాయము కాదు. కాని దీపపు గుమ్మటమునకు కీళ్లక్కరలేదు, కఱ్ఱ యక్కరలేదు, పద్య మక్కరలేదు. ఉలిపని నిలుచును, బొమ్మకు ప్రాణము పోయు పని జారిపోవును. చేతిపని బ్రతికినంతమాత్రమున విద్య బ్రతికినదని మనము పొరబడరాదు.

కావున పరిశోధకులు బొమ్మలను సేకరించి పెట్టెలలో భద్రపరచుటతో తృప్తిపడరాదు. ఏ కీలు ఏ ఘట్టమున ఎట్లు కదలును, దీపము ఎంత దూరమున నుండును, ఏ పద్యమునకు ఏ అడుగు పడును అను విషయములను, ఆడించువారి నోటనే విని, ఆట జరుగుచుండగనే లిఖింపవలెను. లేపాక్షి రాయి తన్ను తాను కాపాడుకొనగలదు; నీడ కాపాడుకొనలేదు.