ఇసుకబడి నుంచి ట్యాబు దాకా: గుంటూరు, ప్రకాశం పల్లెల్లో చదువు సామగ్రి

కృష్ణకు దక్షిణాన, పత్తీ మిరపా పండే నల్లరేగడి పల్లెల్లో చదువు చెప్పే సామగ్రి రెండు వందల ఏళ్లలో చాలాసార్లు మారింది. ఇసుక, తాటాకు, కడితం, రాతిపలక, నల్లబల్ల, రేడియో, కంప్యూటరు, ట్యాబు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. కొన్ని తరాల తరబడి నిలిచాయి, కొన్ని నాలుగైదేళ్లకే బీరువా ఎక్కాయి. ఏది ఎందుకు నిలిచిందని ఆరా తీస్తే వస్తువు గొప్పదనం కన్నా రెండు సంగతులే ముందుకొస్తాయి. దాన్ని వాడడం పంతులుకు ఎవరైనా నేర్పారా అన్నది ఒకటి. పిల్లవాడు ఆ రోజు బడికి వచ్చాడా, చేనికి పోయాడా అన్నది రెండోది.

ఈ ప్రాంతపు బడుల గురించి అంకెలతో దొరికే పాత సమాచారం 1823 నాటిది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో ప్రతి జిల్లాలో ఎన్ని బడులున్నాయో లెక్క తీసి పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. గుంటూరు జిల్లా నుంచి వెళ్లిన లెక్కలో 574 బడులు, ఏడున్నర వేలకు పైగా పిల్లలు ఉన్నారు. సగటున బడికి పదమూడు, పద్నాలుగు మంది. వీటికి తోడు 171 చోట్ల పండితులు తమ ఇళ్లలోనే 939 మందికి వేదాంతం, ధర్మశాస్త్రం, జ్యోతిషం చెబుతున్నారని కూడా అందులో ఉంది. ఆ లెక్కలో ఆడపిల్లలు బహు కొద్దిమంది. మాల, మాదిగ పల్లెల పిల్లలకు ఆ బడుల్లో చోటే లేదు. ఆనాటి వీధిబడిని తలుచుకుని మురిసిపోయేవారు ఈ రెండో పేజీ కూడా చదవాలి.

వీధిబడికి కావలసిన సరంజామా ఊళ్లోనే దొరికేది. ఎవరింటి అరుగో బడి అయ్యేది. నేల మీద ఇసుక పరిచి, పిల్లవాడి చూపుడువేలు పట్టుకుని ఓనమాలు దిద్దించేవారు. రాసింది తప్పయితే అరచేత్తో చెరిపేస్తే సరి, ఖర్చన్నదే లేదు. చేయి కుదిరాక గుణింతాలు, ఆపైన తాటాకు, గంటం. బాపట్ల, చీరాల వైపు సముద్రపు ఒడ్డున తాటిచెట్లకు కొదవ లేదు గనుక ఆకుకు వెతుక్కోవలసిన పని లేదు. లెక్కలకు చింతపిక్కలు, జమాఖర్చు రాయడానికి కడితం. గుడ్డకు బొగ్గుపొడి, బంక కలిపి పట్టించి ఆరబెట్టి, మడతలు పెట్టుకునే నల్లటి పుస్తకమే కడితం. దాని మీద బలపంతో రాసి, తుడిచి, మళ్లీ రాసేవారు. కరణాలు, కోమట్లు కొట్లలో వాడే వస్తువే బడిలోనూ ఉండేది. అందుకే అక్కడ నేర్చినవాడు నేరుగా దుకాణంలో కూర్చుని పద్దు రాయగలిగేవాడు.

పంతులు ఒక్కడే అయినా బడి నడిచేది. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు దిద్దించేవారు, ఎక్కాలు వల్లె వేయించేవారు. ఈ రెండు పద్ధతులూ, అంటే ఇసుకలో రాయించడం, పిల్లల చేత పిల్లలకు చెప్పించడం, సముద్రం దాటి వెళ్లాయి. మద్రాసులో అనాథ బాలుర ఆశ్రమం నడిపిన ఆండ్రూ బెల్ స్థానిక బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి తన ఆశ్రమంలో ప్రవేశపెట్టాడు. 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం అచ్చువేశాడు. ఇంగ్లండు పేదపిల్లల బడుల్లో అది మద్రాసు పద్ధతి పేరుతో పాకింది. బళ్లారి కలెక్టరు క్యాంబెల్ 1823లో పంపిన నివేదికలో ఈ పొదుపైన పద్ధతిని మెచ్చుకుంటూనే, పిల్లలు అర్థం తెలియని పద్యాలు బట్టీ పడుతున్నారని కూడా రాశాడు. ఆ రెండు మాటలూ నిజమే.

లెక్క తీసిన పదేళ్లకే ఆ బడుల్లో చాలా వాటికి ఆయువు తీరింది. 1832-33లో వచ్చిన డొక్కల కరువు గుంటూరు జిల్లాను ఊడ్చేసింది. ఐదు లక్షల జనాభాలో సుమారు రెండు లక్షల మంది చనిపోయారని అంచనా. మిగిలినవారిలో ఎందరో వలసపోయారు. అరుగు బడిని పోషించింది రైతు ఇచ్చే గింజలే. ఆ గింజలే లేనప్పుడు పంతులూ లేడు, బడీ లేదు.

ఆ ఖాళీలోకి మిషన్లు వచ్చాయి. అమెరికన్ లూథరన్ మిషనరీ హేయర్ 1842 జులై 31న గుంటూరు చేరాడు. ఒంగోలులో బాప్టిస్టు మిషన్ పని 1866లో మిషనరీ క్లౌ రాకతో ఊపందుకుంది. 1876-78 కరువు తరువాత వేలాది మాదిగ కుటుంబాలు ఆ మిషన్‌లో చేరాయి. అరుగు ఎక్కనివ్వని పిల్లలకు మొదటిసారి అచ్చుపుస్తకం, పలక చేతికందింది ఈ బడుల్లోనే. ఒక సాంకేతిక వస్తువు ఈ ప్రాంతంలో చేసిన అతిపెద్ద మేలు ఏదంటే ఇదే చెప్పాలి. తాటాకు మీద రాయడం కులవృత్తుల చేతుల్లో చిక్కుకున్న నేర్పు. అచ్చు ఆ ముడిని విప్పింది. పుదూరు సీతారామశాస్త్రి 1832లో రాసిన బాలశిక్ష, పెరిగి పెద్ద బాలశిక్షగా మారి, మిషన్ బడి, అరుగు బడి అన్న తేడా లేకుండా రెండింట్లోనూ చొరబడింది.

పలక కథకు ఈ ప్రాంతంతో మరింత దగ్గరి బంధం ఉంది. పాత ప్రకాశం జిల్లా పడమటి కొసన మార్కాపురం చుట్టుపక్కల నేల కింద పొరలుపొరలుగా పలకరాయి ఉంది. భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని కంభం శిలావర్గంలో చేర్చారు. ఇరవయ్యో శతాబ్దిలో దేశంలోని బడిపలకల్లో పెద్ద వాటా ఇక్కడి నుంచే వెళ్లింది. గనిలోంచి తీసిన రాతిదిమ్మెను తడి ఆరకముందే చీల్చాలి. అంచున ఉలి ఆనించి సుత్తితో మెల్లగా తడుతూ పోతే పొర విడివడుతుంది. ఎండిన రాయి పగులుతుందే గాని చీలదు. చీల్చిన బిళ్లను కొలతకు కోసి, ముఖం నునుపు చేసి, గీతలు వేసి, చెక్కచట్రంలో బిగిస్తారు. పిల్లలు దాన్ని తడిగుడ్డతో తుడిచేవారు, దొండాకు పసరుతో రుద్ది నల్లగా ఉంచుకునేవారు. కింద పడితే పగలడం తప్ప దానికి మరో లోపం లేదు. కరెంటు అక్కర్లేదు, కాగితం ఖర్చు లేదు, ఇంటికీ బడికీ చంకలో పెట్టుకుని పోవచ్చు. ఇసుకకున్న గుణాలన్నీ దానికున్నాయి, పైగా మోసుకుపోయే వీలుంది. వందేళ్లు పైబడి నిలిచిందంటే అందుకే.

అయితే ఆ పలకలు చేసినవారిలో పిల్లలు ఉండేవారు. నునుపు చేసేచోట, చట్రాలు బిగించేచోట చిన్న చేతులకు గిరాకీ. రాయి కోసేటప్పుడు లేచే ధూళిలోని సిలికా ఊపిరితిత్తుల్లో పేరుకుపోతే సిలికోసిస్ వస్తుంది. అది తగ్గే జబ్బు కాదు. దేశంలో లక్షల మంది పిల్లలు అక్షరాలు దిద్దిన వస్తువును, అక్షరం రాని పిల్లలు ఆ ధూళిలో కూర్చుని తయారు చేశారు. కేంద్ర ప్రభుత్వం 1987లో జాతీయ బాలకార్మిక విధానం ప్రకటించి, 1988లో జాతీయ బాలకార్మిక ప్రాజెక్టులు మొదలుపెట్టినప్పుడు, శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజు, మొరాదాబాద్ ఇత్తడి పనులతో పాటు మార్కాపురం పలకల పరిశ్రమను కూడా తొలి జాబితాలోనే చేర్చింది. పని మాన్పించిన పిల్లలకు ప్రత్యేక పాఠశాలలు పెట్టి, చదువుతో పాటు భోజనం, కొద్దిపాటి భృతి ఇచ్చారు. ఆ పాఠశాలల్లో పిల్లలు పట్టుకున్నవీ పలకలే. తరువాత రేకు పలకలు, ప్లాస్టిక్ పలకలు, చవక నోటుపుస్తకాలు వచ్చి రాతిపలక గిరాకీని తినేశాయి.

నల్లబల్ల దారి వేరు. పలక పిల్లవాడిది, నల్లబల్ల పంతులుది. అరుగు బడిలో ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి దిద్దించిన పంతులు, తరగతి మొత్తానికి ఒకేసారి చెప్పడం కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. అది నేర్పడానికే ట్రైనింగ్ స్కూళ్లు వెలిశాయి. సుద్దముక్క ఎలా పట్టుకోవాలి, తరగతికి వీపు చూపకుండా ఎలా రాయాలి, వెనక వరుసకు కనబడేంత అక్షరం ఎంత ఉండాలి అన్నవన్నీ అక్కడ సాధన. పెద్ద పంతులు ముందు మాదిరి పాఠం చెప్పి మార్కులు తెచ్చుకోవాలి.

గుంటూరులో లూథరన్ చర్చి నడిపిన ఉపాధ్యాయ శిక్షణాలయంలో సుమారు పదేళ్లు పాఠాలు చెప్పిన గుర్రం జాషువా జీవితంలో ఈ మార్పులన్నీ కలిసి కనబడతాయి. 1895లో వినుకొండలో పుట్టిన ఆయన మిషన్ బడిలో నెలకు మూడు రూపాయల జీతానికి పని మొదలుపెట్టాడు. 1915-16లో రాజమండ్రిలో మూకీ సినిమాలకు వాచకుడిగా ఉన్నాడు. తెర మీద బొమ్మ కదులుతుంటే పక్కన నిలబడి కథా, మాటలూ చదివి వినిపించడం ఆ పని. గుంటూరు శిక్షణాలయం తరువాత 1928 నుంచి 1942 దాకా ప్రభుత్వ తెలుగు పండితుడు. 1957-59లో మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమ నిర్మాత. బొమ్మకు మాట కావాలని, ఆ మాట చెప్పే మనిషి కావాలని ఆయన శిక్షణాలయానికి రాకముందే చేసిన ఆ వాచకుడి ఉద్యోగం చూపించింది. కులం పేరుతో అవమానాలు పడుతూనే ఆయన రేపటి పంతుళ్లను తయారు చేశాడు. ఈ ప్రాంతపు విద్యాచరిత్రలో ఆ పదేళ్లకు దక్కవలసినంత చోటు ఇంకా దక్కలేదు.

బడి బయట జరిగిన ప్రయత్నాల్లో ఒకటి మరువరానిది. పెదపాలెంలో గ్రంథాలయం నడిపిన పాతూరి నాగభూషణం 1935లో కాలువ మీద తిరిగే పడవలో పుస్తకాలు పెట్టించాడు. డెల్టాలో జనం ఊరికీ ఊరికీ మధ్య పడవల్లో గంటల తరబడి ప్రయాణించేవారు. ఆ ఖాళీ సమయాన్ని ఆయన చదువుకు మళ్లించాడు. తరువాతి వంతు రేడియోది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. బడిపిల్లల కార్యక్రమాలు వచ్చినా, రేడియో పాఠానికి ఒక చిక్కుంది. అది తన వేళకు వస్తుంది, తన వేగంతో పోతుంది, అర్థం కాలేదని పిల్లవాడు చెయ్యెత్తినా ఆగదు. ముందూ వెనకా పంతులు నాలుగు మాటలు చెబితేనే అది పాఠమయ్యేది.

1986 జాతీయ విద్యావిధానం వచ్చేనాటికీ చాలా ప్రాథమిక పాఠశాలల్లో నల్లబల్ల కూడా సరిగా లేదు. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం ప్రతి బడికీ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, నల్లబల్ల, పటాలు, ఆటవస్తువులు ఉండాలంది. అదే విధానం కింద జిల్లాకో విద్యా శిక్షణ సంస్థ, అంటే డైట్, ఏర్పాటైంది. గుంటూరు జిల్లాకు బోయపాలెంలో, ప్రకాశానికి మైనంపాడులో అవి నడిచాయి. బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో 1984లో ప్రయోగాత్మకంగా మొదలై 1989 నుంచి రాష్ట్రమంతటా అమలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం కృత్యాల ద్వారా బోధన అన్న మాటను పల్లెబడిదాకా తెచ్చింది. గింజలు, పుల్లలు, ఆకులు మళ్లీ తరగతి గదికి వచ్చాయి. అరుగు బడి చింతపిక్కలకు బోధనోపకరణాలన్న పేరు దక్కింది. ఈ పథకంలో మెచ్చదగింది వస్తువులు కాదు, టీచర్లు తరచూ ఒకచోట కలిసి తమ పాఠాలు తాము చర్చించుకునే కేంద్రాలు ఏర్పడడం.

కంప్యూటర్లు పెద్దయెత్తున వచ్చింది 2008 ప్రాంతంలో. రాష్ట్రంలో ఐదు వేల ఉన్నత పాఠశాలల్లో ప్రైవేటు ఏజెన్సీలే యంత్రాలు పెట్టి, బోధకులను నియమించి, ఐదేళ్లు నడిపి, ఆ తరువాత బడికి అప్పగించే ఏర్పాటది. గడువు తీరాక బోధకులు వెళ్లిపోయారు. లెక్కల టీచరుకో సైన్సు టీచరుకో ఆ గదిని తన పాఠంలో కలుపుకోవడం నేర్పలేదు. దాంతో చాలాచోట్ల గదికి తాళం పడింది.

ఈ వరుసలో పంటకాలాన్ని పక్కన పెడితే చరిత్ర సగమే అవుతుంది. నాగార్జునసాగర్ కుడికాలువ నీళ్లు, ఆ తరువాత హైబ్రిడ్ విత్తనం వచ్చాక పల్నాడు, చిలకలూరిపేట, ఒంగోలు చుట్టూ పత్తి, మిరప విస్తరించాయి. పత్తి తీతలు బడి మంచి జోరు మీదుండే అక్టోబరు, నవంబరుల్లో మొదలవుతాయి. మిరప కోతలు జనవరి నుంచి ఏప్రిల్ దాకా, అంటే సరిగ్గా వార్షిక పరీక్షల వేళకు. కోతలకు కర్నూలు నుంచి, ప్రకాశం పడమటి మండలాల నుంచి కూలీలు పిల్లాపాపలతో గుంటూరు చేలకు దిగుతారు. కల్లంలో కాయలు ఆరబోసేచోట పట్టాల గుడిసెల్లోనే వారి మకాం. సర్వశిక్షా అభియాన్ కాలంలో ఇందుకు తగిన ఉపాయం ఒకటి వచ్చింది. తల్లిదండ్రులు వలసపోయిన నెలల్లో పిల్లలు సొంత ఊళ్లోనే ఉండి చదువుకునేలా సీజనల్ హాస్టళ్లు తెరిచారు. పక్కా భోజనం, పడుకోవడానికి బడిగది, ఒక సంరక్షకుడు. ఇందులో యంత్రమేమీ లేదు, అయినా పిల్లవాణ్ణి పాఠం ముందు కూర్చోబెట్టడంలో దీని పాటి చేసిన పరికరం అరుదు.

2019 నవంబరు 14న ఒంగోలు పీవీఆర్ మునిసిపల్ ఉన్నత పాఠశాలలో ‘మన బడి నాడు-నేడు’ మొదలైంది. మరుగుదొడ్లు, నీళ్లు, ఫ్యాన్లు, బల్లలతో పాటు ఆకుపచ్చ సుద్దబోర్డులు, ఆ తరువాత గోడకు తాకుతెరలు వచ్చాయి. 2020 మార్చిలో కోవిడ్‌తో బడులు మూతబడ్డాయి. పదో తరగతి పాఠాలు దూరదర్శన్ సప్తగిరిలో ‘విద్యామృతం’ పేరుతో వచ్చాయి. ఇంట్లో టీవీ ఉన్నవారికి అవి అందాయి. ఫోను తండ్రి జేబులో చేనికి వెళ్లిన ఇళ్లలో ఆన్‌లైన్ క్లాసు సాయంత్రానికి గాని తెరుచుకోలేదు.

2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబుల పంపిణీ మొదలైంది. టీచర్లకిచ్చినవి కలిపి రాష్ట్రమంతటికీ 5,18,740. ఇంటర్నెట్ లేకున్నా నడిచేలా పాఠాలు ముందే ఎక్కించి ఇచ్చారు. సిగ్నల్ అందని పల్లెలకు ఇది నిజంగా ఆలోచించి చేసిన పని. ఆగిన చోటి నుంచి మళ్లీ వినడం, వెనక్కి తిప్పడం రేడియో ఇవ్వని సదుపాయం. పాడైతే బాగు చేయించడం, ఆటలకు మళ్లకుండా చూడడం, రేపటి పాఠానికి ఏ వీడియో పనికొస్తుందో ఎంచడం మాత్రం మళ్లీ టీచరు మీదే పడింది.

నేటి డైట్‌లో చేరే ఛాత్రోపాధ్యాయులు ఈ సామగ్రినంతా ఒకేసారి చేతపట్టుకుంటున్నారు. పాఠ్యపథకంలో క్యూఆర్ కోడ్ వీడియో ఉంటుంది, చార్టు ఉంటుంది, పుల్లల కట్టలు ఉంటాయి. టీచింగ్ ప్రాక్టీసుకు పల్లెబడికి వెళ్లాక ఒకే గదిలో రెండు మూడు తరగతులు కూర్చుని కనబడతాయి. తాకుతెర మీద మూడో తరగతికి పాఠం నడుస్తుంటే, ఒకటో తరగతి పిల్లలకు పక్కనే నేల మీద పలకలిచ్చి, నాలుగో తరగతి పిల్లవాడి చేత దిద్దిస్తారు. కోతల నెలల్లో హాజరుపట్టీలో రాని పేర్లు గుర్తుపెట్టుకుని, బడి వదిలాక ఆ ఇళ్లకు వెళ్లి అడిగి రావడం కూడా ఆ సాధనలో భాగమే.