వరోరా స్టేషన్‌లో దించిన కిటికీ

మేము బల్లార్షాలో స్థిరపడి నాలుగు తరాలు. కరీంనగర్ దిక్కు నుంచి మా ముత్తాత బొగ్గుబాయి పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నాగపూర్ పోవాలంటే రైలు చంద్రపూర్, భాందక్ దాటి వరోరాలో ఆగేది. ఆగగానే మా నాయనమ్మ కిటికీ రేకు దించేసేది. ఆ ఊరి పక్కనే ఆనందవనం. మరాఠీలో మహారోగం అంటారు, మా ఇంట్లో పెద్దరోగం అనేవాళ్లం. పేరు వేరైనా భయం ఒక్కటే.

ఆనందవనాన్ని కట్టింది బాబా ఆమ్టే. 1949లో మహారోగి సేవా సమితి పెట్టి, కుష్టు సోకిందని అయినవాళ్లే వెళ్లగొట్టిన మనుషులతో కలిసి బీడు భూమిని సేద్యానికి తెచ్చాడు. దానం పెట్టడం కాదు, పని ఇవ్వాలన్నది ఆయన పట్టు.

1985లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. అది దేశానికి గడ్డుకాలం. ఇందిరాగాంధీ హత్య, ఢిల్లీలో సిక్కుల ఊచకోత జరిగి అప్పటికి ఏడాదే. పంజాబ్ ఇంకా చల్లారలేదు. ఆ డిసెంబరులో ఆమ్టే కన్యాకుమారి నుంచి కాశ్మీరు దిక్కు బయల్దేరాడు. దానికి 'భారత్ జోడో' అని పేరు. వెంట 116 మంది యువతీ యువకులు, సైకిళ్ల మీద. ఆయనకు 71 ఏళ్లు. వెన్నుపూస జబ్బుతో కూర్చోలేడు. నిలబడాలి, లేదా పడుకోవాలి. అందుకే వ్యానులో పడుకునే ప్రయాణం చేశాడు.

దారి పొడవు 5,042 కిలోమీటర్లు. రోజుకు 50 తొక్కినా నూరు రోజులు దాటుతుంది. ఒంటరిగా తొక్కేవాడు తన బలం చూసుకుంటే చాలు. గుంపుగా పోయేటప్పుడు వెనకబడ్డవాణ్ణి కూడా చూసుకోవాలి. దేశాన్ని కలపడమంటే ఏమిటో ఆ పిల్లలకు ముందు రోడ్డే నేర్పి ఉంటుంది. 1988లో మళ్లీ బయల్దేరారు. ఈసారి ఇటానగర్ నుంచి గుజరాత్‌లోని ఓఖా దాకా. మొదటిసారి ఉత్సాహం అనుకోవచ్చు, రెండోసారి మాత్రం పట్టుదలే.

మరి ఇంత దగ్గరున్న మేమేం చేశాం? పేపర్లో చదివాం, అంతే. బాపు చదివి వినిపిస్తుంటే నాయనమ్మ ఒక్కటే అడిగింది: "ఆ పిల్లలు ఆయనతోటే తింటరా?"

"తింటరు."

ఆమె ఇంకేం అనలేదు. తర్వాత నాగపూర్ పోయినప్పుడు వరోరాలో మళ్లీ రేకు దించింది. బాపు లేచి పైకెత్తాడు. ఆమె దించలేదు, అటు చూడనూ లేదు.

మనలో శుభకార్యానికి నూటపదహార్లు చదివిస్తాం కదా. ఆ 116 మంది గుర్తొచ్చినప్పుడల్లా మాకు ఆ లెక్కే తడుతుంది. ఇప్పుడు మా ఇంట్లో పెళ్లంటే దుప్పట్లు ఆనందవనం మగ్గాల మీద నేసినవే కొంటాం. అది దానం కాదు, వాళ్ల పనికి వెల. నాయనమ్మ దించిన కిటికీకి మేం ఇంకా బాకీ ఉన్నాం.