పిల్లల్లో ఆస్తమా: రాత్రి దగ్గు తగ్గట్లేదా? మామూలు జలుబే అనుకోవద్దు.. గుర్తించేది ఇలా..!

పగలంతా పిల్లలు బాగానే ఆడుకుంటారు. పడుకున్నాక లేదా తెల్లవారుజామున దగ్గు మొదలవుతుంది. సిరప్ పట్టిస్తే నాలుగు రోజులు తగ్గినట్టే ఉంటుంది, తర్వాత మళ్లీ మామూలే. చాలా ఇళ్లలో దీన్ని జలుబు, కఫం, నెమ్ము అని సరిపెట్టుకుంటారు. అయితే ఆయాసం, పిల్లికూతలతో కలిసి ఈ దగ్గు మళ్లీ మళ్లీ వస్తుంటే అది ఆస్తమా కావొచ్చు. ముందే గుర్తిస్తే దీన్ని అదుపులో పెట్టడం సాధ్యమే. ఆలస్యమైతే మాత్రం ఒక్కసారిగా ప్రాణం మీదకు రావొచ్చు.

అసలేం జరుగుతుంది?

ఆస్తమా ఉన్న పిల్లల్లో శ్వాసనాళాల లోపలి పొర వాచి ఉంటుంది. వైరల్ జలుబు, దుమ్ము, పొగ, చల్లగాలి లాంటివి తగిలితే ఆ నాళాల చుట్టూ ఉండే కండరాలు బిగుసుకుంటాయి. జిగురు కూడా పెరుగుతుంది. దాంతో గాలి వెళ్లే దారి ఇరుకవుతుంది. ఊపిరి వదిలేటప్పుడు ఈల వేసినట్టు సన్నగా శబ్దం వస్తుంది. దాన్నే పిల్లికూతలు అంటాం. ఇది అంటువ్యాధి కాదు.

ఈ లక్షణాలు గమనించండి

* రాత్రిళ్లు, తెల్లవారుజామున ఎక్కువయ్యే దగ్గు, పిల్లికూతలు
* పరిగెత్తినా, గట్టిగా నవ్వినా, ఏడ్చినా దగ్గు లేదా ఆయాసం రావడం
* జలుబు చేసిన ప్రతిసారీ ఛాతీలోకి దిగిపోవడం, పది రోజులు దాటినా తగ్గకపోవడం
* తోటి పిల్లలతో సమానంగా ఆడలేక మధ్యలోనే కూర్చుండిపోవడం
* దోమల కాయిల్, అగరబత్తి, సాంబ్రాణి, టపాసుల పొగ తగిలితే దగ్గు పెరగడం
* ఇంట్లో ఎవరికైనా ఆస్తమా, అలర్జీ ఉండటం, లేదా బిడ్డకే ఎగ్జిమా, తరచూ తుమ్ములు ఉండటం

వీటిలో ఒక్కటి కనిపించినంత మాత్రాన ఆస్తమా అని కాదు. అవి మళ్లీ మళ్లీ వస్తున్నాయా, మధ్యలో బిడ్డ మామూలుగా ఉంటోందా అన్నదే ముఖ్యం.

ప్రతి పిల్లికూతా ఆస్తమా కాదు

చిన్నపిల్లల శ్వాసనాళాలు సన్నగా ఉంటాయి. అందుకే వైరల్ జలుబుకే పిల్లికూతలు వస్తాయి. చాలామందిలో స్కూల్ వయసు వచ్చేసరికి ఇవి తగ్గిపోతాయి. పల్లీ గింజో, బొమ్మ ముక్కో గొంతు దాటి లోపల ఇరుక్కుంటే ఉన్నట్టుండి దగ్గు, ఆయాసం మొదలవుతాయి. దగ్గు 2 వారాలు దాటి, జ్వరం, బరువు తగ్గడం కూడా ఉంటే టీబీ పరీక్ష చేయించాలి. ఇంట్లో టీబీ రోగి ఉంటే ఇది మరీ ముఖ్యం. కఫంతో కూడిన దగ్గు రోజూ 4 వారాలకు మించి ఉన్నా వేరే కారణం వెతకాల్సిందే.

డాక్టర్లు ఎలా తేలుస్తారు?

ఆస్తమా ఉందో లేదో ఒక్క రక్తపరీక్షతో తేలదు. ఛాతీ ఎక్స్‌రే కూడా ఆస్తమాను చూపించదు, వేరే జబ్బులు లేవని నిర్ధారించుకోవడానికే తీస్తారు. అలర్జీ పరీక్ష దేని వల్ల అలర్జీ వస్తోందో చెబుతుందే తప్ప ఆస్తమా ఉందని చెప్పదు.

5 ఏళ్లు దాటిన పిల్లలకు స్పైరోమెట్రీ చేస్తారు. బలంగా గాలి పీల్చి యంత్రంలోకి ఊదాలి. మొదటి సెకనులో ఎంత గాలి బయటకు వచ్చిందో కొలుస్తారు. తర్వాత శ్వాసనాళాలు తెరుచుకునే మందు పీల్పించి, 10 నుంచి 15 నిమిషాలు ఆగి మళ్లీ ఊదిస్తారు. 12 శాతానికి మించి పెరిగితే ఆస్తమాకు బలమైన ఆధారం దొరికినట్టే. బిడ్డ బాగున్న రోజు చేస్తే రిపోర్ట్ నార్మల్ రావొచ్చు. అంతమాత్రాన ఆస్తమా లేదని కాదు.

5 ఏళ్లలోపు పిల్లలు ఈ పరీక్ష సరిగ్గా చేయలేరు. అందుకే ఇక్కడ తల్లిదండ్రులు చెప్పే వివరాలే కీలకం. అవసరమైతే డాక్టర్ 2, 3 నెలలు తక్కువ డోసు ఇన్‌హేలర్ ఇచ్చి చూస్తారు. వాడినన్నాళ్లూ తగ్గి, ఆపగానే తిరగబెడితే ఆస్తమా అనుమానం బలపడుతుంది.

ఫోన్‌లో వీడియో తీయండి

రాత్రి ఆయాసపడిన బిడ్డ పొద్దున క్లినిక్‌లో హుషారుగా ఉంటుంది. అందుకే లక్షణాలు ఉన్నప్పుడే చొక్కా తీసి, ఛాతీ కదలికలు, శబ్దం తెలిసేలా అర నిమిషం వీడియో తీసి డాక్టర్‌కు చూపించండి. ఏ టైమ్‌లో వచ్చింది, ఎన్ని రాత్రులు నిద్ర లేచింది, ఎన్నిసార్లు నెబులైజేషన్ పెట్టించారు, ఏ మందుతో తగ్గింది అన్నవి రాసి పెట్టుకోండి. పాత చీటీలన్నీ తీసుకెళ్లండి.

పేరుకు భయపడితేనే ముప్పు

ఆస్తమా అన్న మాట వినగానే తల్లిదండ్రులు కంగారు పడతారు. ఆడపిల్లయితే రేపు సంబంధాలు ఎలా అని దాచిపెట్టేవాళ్లూ ఉన్నారు. అందుకే చీటీలో వీజింగ్, అలర్జిక్ బ్రాంకైటిస్ అని రాసి ఊరుకోవడం కూడా జరుగుతుంటుంది. జబ్బు పేరు తెలియకపోతే రోజూ వాడాల్సిన మందు నాలుగు రోజులకే ఆగిపోతుంది. ఇన్‌హేలర్ అలవాటైపోతుందన్నది అపోహే. మందు నేరుగా ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది కాబట్టి సిరప్, మాత్రల కంటే చాలా తక్కువ డోసు సరిపోతుంది. పిల్లలకు స్పేసర్ తప్పనిసరి, చిన్నపిల్లలకైతే దానికి మాస్క్ కూడా ఉండాలి.

మృగశిర కార్తె రోజు హైదరాబాద్‌లో బత్తిని కుటుంబం పంచే చేప ప్రసాదం కోసం ఏటా వేలమంది వస్తారు. అది ఆస్తమాను తగ్గిస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. దాన్ని నమ్మి వెళ్లేవాళ్లు కూడా పిల్లల ఇన్‌హేలర్ మాత్రం ఆపకూడదు.

ఇలా ఉంటే వెంటనే ఆస్పత్రికి

* ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల మధ్య, గొంతు కింద గుంటలు పడటం
* పూర్తి మాట చెప్పలేకపోవడం, పాలు, నీళ్లు తాగలేకపోవడం
* పెదాలు, గోళ్లు నీలంగా మారడం, మత్తుగా పడి ఉండటం
* ఏడాది నుంచి 5 ఏళ్లలోపు పిల్లలు నిమిషానికి 40 లేదా అంతకంటే ఎక్కువసార్లు ఊపిరి తీయడం (2 నుంచి 11 నెలల పిల్లలైతే 50 లేదా అంతకంటే ఎక్కువ)

ఆయాసపడుతున్న బిడ్డలో పిల్లికూతలు ఆగిపోతే తగ్గిందనుకోవద్దు. గాలి కదలడమే తగ్గినా శబ్దం వినిపించదు. వెంటనే 108కి కాల్ చేయండి. ఆస్తమా ఉందని ముందే తెలిస్తే డాక్టర్ రాసిచ్చిన ప్రకారం రిలీవర్ ఇన్‌హేలర్‌ను స్పేసర్‌తో ఇస్తూ ఆస్పత్రికి తీసుకెళ్లండి.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. పిల్లలకు ఏ మందు మొదలుపెట్టాలన్నా, ఆపాలన్నా పిల్లల డాక్టర్‌ను సంప్రదించండి.