వృద్ధాప్యంలో మానసిక ఆరోగ్యం: జన్యువులు, స్త్రీ పురుష భేదాలు (భద్రాచలం మన్యం)

వయసు పైబడ్డాక వచ్చే మతిమరుపు, కుంగుబాటు, ఆందోళన ఆడవాళ్లలో ఒక తీరుగా, మగవాళ్లలో మరో తీరుగా ఎందుకుంటాయో తెలుసుకోవడానికి జన్యుశాస్త్రం, నాడీవైద్యం, మనోవైద్యం, జనాభా అధ్యయనం, మానవశాస్త్రం కలిసి పనిచేస్తున్న రంగమిది. పాత ఖమ్మం జిల్లా నుంచి 2016లో ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం, 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలు, ఆ పైన ఛత్తీస్‌గఢ్ సరిహద్దు: కోయలు, కొండరెడ్లు ఉండే ఈ మన్యంలో ఆ శాస్త్రాలన్నిటికీ పని ఉంది.

దేశం మొత్తానికి ఆధారం 'లాసీ' అనే దీర్ఘకాలిక వృద్ధాప్య అధ్యయనం. 2017-18లో జరిగిన తొలి విడతలో 45 ఏళ్లు దాటిన సుమారు 72 వేల మందిని పరీక్షించారు. దాని అనుబంధ అధ్యయనం ప్రకారం 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా (మతి క్షీణించే జబ్బు) ఉంది. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో, పట్నాలకన్నా పల్లెల్లో ఎక్కువ. ఆడవాళ్లు ఎక్కువకాలం బతుకుతారు కాబట్టి అలా ఉంటుందిలే అని సరిపెట్టుకోవడం తప్పు. 2010లో కర్ణాటక, కేరళ, పంజాబ్, రాజస్థాన్‌లలో జరిగిన ప్రయోగాత్మక విడతను విశ్లేషించినప్పుడు, దక్షిణాదిలో స్త్రీ పురుషుల మధ్య జ్ఞాపకశక్తిలో, ఆలోచనాశక్తిలో కనబడిన తేడాకు చదువు లేకపోవడం వంటివే చాలావరకు కారణమని తేలింది. ఉత్తరాదిలో వాటిని లెక్కలోకి తీసుకున్నా తేడా పోలేదు. చిన్ననాడు బడికి పంపకపోవడం ముసలితనంలో మతి మీద దెబ్బ తీస్తుందన్నమాట.

జన్యువుల విషయానికొస్తే, డిమెన్షియా రకాల్లో ఒకటైన అల్జైమర్స్‌కు బాగా తెలిసిన కారకం 19వ క్రోమోజోము మీది ఏపీఓఈ జన్యువులోని ఎప్సిలాన్-4 రూపం. దాదాపు 58 వేల మంది వివరాలను కలిపి 2017లో చేసిన విశ్లేషణలో, ఈ రూపం ఒక ప్రతి ఉన్న స్త్రీలకు 65-75 ఏళ్ల మధ్య మగవాళ్లకన్నా ముప్పు ఎక్కువని కనబడింది. అయితే వాళ్లలో అత్యధికులు యూరప్ మూలాలవాళ్లు. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో ఆ రూపం అమెరికా జనంలోకన్నా అరుదని అంతకుముందే తెలుసు. పైగా మన దేశంలో పెళ్లిళ్లు చాలావరకు కులం, తెగ దాటవు. కోయల్లో ఒకే గట్టువారు (ఒకే వంశశాఖవారు) పెళ్లాడరు, కానీ సంబంధం తెగలోనే కుదురుతుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు పాల్గొన్న 2017 నాటి మరో పరిశోధన, కొద్దిమంది పూర్వీకుల నుంచే విస్తరించిన 81 సమూహాలను దక్షిణాసియాలో గుర్తించింది. అందువల్ల ఎక్కడో తేలిన జన్యు ముప్పును కోయగూడేనికి ఉన్నదున్నట్టు అంటగట్టకూడదు.

మన్యంలో జన్యువు అంటే జనానికి ముందు తెలిసేది సికిల్ సెల్ అనే రక్తవ్యాధి. ఆ లోపం 11వ క్రోమోజోము మీదిది, ఆడా మగా తేడా లేకుండా సంక్రమిస్తుంది. బయటికి కనబడని చిన్న చిన్న పక్షవాతాలతో అది మెదడును దెబ్బతీస్తుంది, ఏళ్ల తరబడి నొప్పితో మనిషిని కుంగదీస్తుంది. జీ6పీడీ అనే ఎంజైము లోపం సంక్రమించే తీరు అలా కాదు. అది ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది కాబట్టి ఒకే ఎక్స్ ఉన్న మగవాళ్లకే ఎక్కువగా బయటపడుతుంది. 

స్త్రీల విషయంలో మరొకటి గట్టిగా చెప్పాలి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దాంతోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది. అమెరికాలో మేయో క్లినిక్ పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఆ ఆపరేషన్ ఎంత చిన్న వయసులో జరిగితే తర్వాత మతి మందగించే ముప్పు అంత ఎక్కువని తేలింది. డెబ్బై ఏళ్ల అవ్వ మతిమరుపు గురించి అడిగే డాక్టరు, ముప్పైల్లో ఆమెకు ఏ ఆపరేషన్ అయిందో కూడా అడగాలి.

మన్యానికి ఆశ కలిగించే పరిశోధన హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రిలో జరిగింది. సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవారికి జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. అక్షరం ముక్క రానివారిలోనూ ఈ తేడా కనబడింది. చదువు, వృత్తి, ఆడా మగా, పల్లె పట్నం అన్నీ లెక్కలోకి తీసుకున్నా నిలిచింది. మూడో భాష వల్ల అదనపు మేలేమీ కనబడలేదు. అది ఆసుపత్రికి వచ్చినవారి మీద జరిగిన పరిశీలన, దాన్ని ఊళ్లకు అన్వయించేటప్పుడు జాగ్రత్త అవసరం. అయినా ఇంట్లో కోయ భాష, సంతలో తెలుగు మాట్లాడుతూ ముసలైన మనిషిని చదువులేనివాడని లెక్కగట్టి వదిలేయడం ఎంత పొరపాటో అది చెబుతోంది.

జ్ఞాపకశక్తి పరీక్షలో చిక్కు ఇక్కడే ఉంది. 'ఈరోజు తారీఖు ఎంత?' అని అడిగితే కేలెండరు చూసే అవసరం లేని అవ్వ చెప్పలేదు. ఇప్పపూలు ఎప్పుడు రాలతాయో, తునికాకు కోత ఎప్పుడో, సంత ఏ రోజో మాత్రం ఠక్కున చెబుతుంది. బల్లభ్‌గఢ్‌లో చదువురానివారి కోసం తయారైన పరీక్షలో గడియారం టైము బదులు పొద్దునా, మధ్యాహ్నమా, సాయంత్రమా అని అడుగుతారు. రాసినది చదివి ఆ పని చేయమనే బదులు 'నా మొహం చూసి నేను చేసినట్టే చెయ్యి' అని కళ్లు మూసి చూపిస్తారు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) తయారుచేసిన ఇలాంటి పరీక్షల సంపుటి హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడం, మలయాళంలో వచ్చింది. ఆ అయిదింటిలో కోయ లేదు. కుంగుబాటు సంగతీ ఇంతే. మనసు బాగాలేదని ఎవరూ అనరు. ఒళ్లు నొప్పులు, నిద్ర పట్టడం లేదు అంటారు. పక్కింటివాళ్లు మనాది పెట్టుకుందంటారు. భర్త పోయిన ఆడమనిషి విషయంలో ఆ మాట వినబడితే ఆశా కార్యకర్త ఆగి కూర్చుని మాట్లాడాలి. గోదావరి వరదలో, పోలవరం ప్రాజెక్టు ముంపులో ఊరు విడిచిన ముసలివాళ్లకూ అది వర్తిస్తుంది.

2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ గిరిజన ప్రాంతాల్లో 7 కోట్ల మందిని పరీక్షించాలని పెట్టుకుంది. దాని వయో పరిమితి 40 ఏళ్లు, అంటే ముసలివాళ్లు అందులోకి రారు. పిల్లల రక్తం తీసుకోవడానికి సిబ్బంది ఎలాగూ గడపదాకా వస్తున్నారు కాబట్టి, అదే ఇంట్లోని అవ్వనూ తాతనూ వాళ్ల భాషలో జ్ఞాపకం, నిద్ర, దిగులు గురించి అడగడానికి వేరే పథకం కోసం ఎదురుచూడనక్కరలేదు.