పుట్టిల్లు లేని బండి

కొత్త కారు కొన్నవాళ్ళ సందడి మొదటిరోజు చూడాలండీ! షోరూములో తాళంచెవి చేతికివ్వగానే ఇంటి పెద్దావిడ పసుపు కుంకుమ పెట్టడం, కొబ్బరికాయ కొట్టడం, చక్రాల కింద నిమ్మకాయలు నలగడం, ముందు సీటు నాదంటే నాదని పిల్లల కొట్లాట... కొత్తకోడల్ని ఇంటికి తెచ్చుకున్నట్టే. కాకపోతే ఒక్క తేడా ఉంది. కోడలి పుట్టింటివాళ్ళు ఊరు విడిచి పోవాలంటే ముందు మనకు చెప్పి పోతారు. బండి పుట్టిల్లు మూతపడితే మాత్రం పొద్దున్నే కాఫీ తాగుతూ పేపర్లో చూసి తెలుసుకోవాలి.

ఇదేదో ఈ కాలపు వింత అనుకుంటాం కానీ, మనదేశంలో కార్ల కంపెనీలు చెప్పాపెట్టకుండా సర్దుకుపోవడం స్వతంత్రం వచ్చిన కొత్తలోనే మొదలయింది. కెనడాలోని ఫోర్డు సంస్థ 1926లో ఇక్కడ కంపెనీ పెట్టింది. 1928లో జనరల్ మోటార్స్ బొంబాయిలో కార్లు బిగించే కార్ఖానా తెరిచింది. విడిభాగాలు ఓడలో రావడం, ఇక్కడ బిగించి అమ్మడం. ఆ రోజుల్లో జనగామ తాలూకాలో కారు చూడాలంటే దొరల గడీ ముందే చూడాలి. మిగతావాళ్ళకి ఎడ్లబండీ, రైలూ, 1932లో నిజాం రైల్వేవాళ్ళు 27 బస్సులతో మొదలుపెట్టిన రోడ్డు సర్వీసూను.

1953లో భారత ప్రభుత్వం, బిగించి అమ్ముకునేవాళ్ళు మాకొద్దు, ఇక్కడే తయారుచేసేవాళ్ళు ఉండండి అంది. రెండు కంపెనీలూ లెక్కలు చూసుకుని 1954 నాటికి దుకాణం కట్టేశాయి. ఆ తర్వాత ముప్ఫైయేళ్ళు మనకు కారంటే ప్రధానంగా అంబాసిడర్, ఫియట్టే. మద్రాసువాళ్ళ స్టాండర్డు కూడా ఉండేదనుకోండి, అది 1980ల చివర కనుమరుగైంది. పెళ్ళివారి కారు అంబాసిడర్, డాక్టరుగారి కారు ఫియట్. రెండింటికీ రోడ్డు పక్క చెట్టుకింద వైద్యం జరిగేది. అందుకే 2014 మేలో ఉత్తరపారా ఫాక్టరీలో అంబాసిడర్ తయారీ ఆగిపోయినప్పుడు మనకి దిగులు వేసింది గానీ, ఉన్న బండి ఎలా నడుస్తుందన్న భయం ఎవరికీ కలగలేదు. యాభైయేళ్ళకు పైగా పెద్దగా మారని బండి కదా! దాని ఒళ్ళంతా మెకానిక్కులకు కంఠతా వచ్చు.

1991 తర్వాత తలుపులు తెరిచాం. 1954లో వెళ్ళిన ఇద్దరూ తిరిగొచ్చారు. వాళ్ళతోపాటు దక్షిణ కొరియానుంచి దేవూ వచ్చింది. దాని మాటిజ్ అనే చిన్నకారు ఎంత ముద్దుగా ఉండేదో మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. నాలుగేళ్ళు తిరక్కుండా కొరియాలో తల్లికంపెనీ దివాలా తీసింది. ఇక్కడ కొన్నవాళ్ళు దిక్కులు చూశారు. 2007లో అదే మాటిజ్ వంశంలోని పిల్ల, స్పార్క్ అని పేరు మార్చుకుని, జనరల్ మోటార్స్‌వారి షెవర్లే బొట్టు పెట్టుకుని మళ్ళీ వచ్చింది. పాత మాటిజ్ మీద మమకారంతో స్పార్క్ కొనుక్కున్నవాళ్ళ అదృష్టం చూడండి. 2017 మేలో జనరల్ మోటార్స్, ఆ ఏడాది చివరికల్లా ఇండియాలో అమ్మకాలు ఆపేస్తామని ప్రకటించింది. ఒకే ఇంటిపిల్లకు పుట్టిల్లు రెండుసార్లు పోయింది!

2021 సెప్టెంబరు 9న ఫోర్డు కూడా ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నామంది. రెండు కంపెనీలూ సర్వీసు, విడిభాగాలు అందిస్తూనే ఉంటామని మాటిచ్చాయి. న్యాయంగా ఆ సంగతీ చెప్పాలి. కానీ మాట ఢిల్లీలో ఇస్తారు, బండి పల్లెలో ఆగుతుంది.

జఫర్‌గఢ్‌లో మాకు వరసకు మరిది అయ్యే అతనొకడు అద్దెకారు నడుపుతాడు. ఊరి పాతపేరు వేల్పుగొండ. 18వ శతాబ్దంలో నిజాం కొలువులోని జఫరుద్దౌలా పేరుమీద కొత్తపేరు వచ్చింది. ఆయన కోట పాడుపడింది గానీ కొండమీది నరసింహస్వామి అలాగే ఉన్నాడు. 2016లో ఊరు జనగామ జిల్లాలోకి వెళ్ళినా, పెద్ద పనేదైనా పడితే అక్కడివాళ్ళ చూపు హనుమకొండ, వరంగల్లు వైపే. మా మరిది కూడా బ్యాంకు అప్పు తీసుకుని అక్కడే బండి కొన్నాడు. మేడారం జాతరకీ, కొమురవెల్లికీ, పెళ్ళిళ్ళకీ, రాత్రివేళ నొప్పులొచ్చిన ఆడవాళ్ళని ఆస్పత్రికి చేర్చడానికీ ఆ వాడకట్టుకంతటికీ అదే దిక్కు. కంపెనీ పేరెందుకు లెండి. అదీ మూటాముల్లె సర్దుకుంది. ఆ తర్వాత ఓ గేదె వచ్చి గుద్దితే ఎడమ తలుపు నుగ్గయింది.

"ఇంజను మంచిగనే ఉన్నది వదినె. తలుపు దొరుకక నెలరోజులు చెట్టుకింద పెట్టిన" అన్నాడు. "కంపెనోడు దేశం ఇడిసి పోయిండు గని, మన వాయిదాలు మాత్రం పోతలేవు."

చివరికి సికింద్రాబాదులో పాతబండ్లు విప్పి అమ్మేచోట తలుపు దొరికింది. తెల్లబండికి ఎర్ర తలుపు!

ఇంజను దొరికినంత సులువుగా తలుపు ఎందుకు దొరకదని నేనూ అడిగాను. అక్కడి మెకానిక్కు విప్పి చెప్పాడు. ఇటలీ ఫియట్‌వారి 1.3 లీటర్ల డీజిల్ ఇంజను ఒకటుందట. మారుతి స్విఫ్టులోనూ, టాటా బండ్లలోనూ, షెవర్లే సెయిల్‌లోనూ దాని చుట్టాలే ఉన్నాయట. కంపెనీ పోయినా ఇంజను సామాను ఎక్కడో ఓచోట దొరుకుతుంది. తలుపులు, దీపాలు, అద్దాలు మాత్రం ఏ బండివి ఆ బండికే. పైగా ఇప్పటి కార్లలో కంప్యూటరు పెట్టె ఉంటుంది. దాని జబ్బేమిటో కనుక్కోవాలంటే దానికి తగ్గ పరికరం కావాలి. అంబాసిడర్ కాలపు చెట్టుకింది వైద్యుడు ఇక్కడ చేతులెత్తేస్తాడు. అమ్మేద్దామంటే, కంపెనీ లేని బండికి బేరగాళ్ళు సగం ధర కూడా పలకరు.

మనం షోరూముని కంపెనీ అనుకుంటాం. కాదండీ. అది ఎవరో మనవాడు తన స్థలం తాకట్టు పెట్టి, అద్దాలూ చలిమిషన్లూ పెట్టించి, బ్యాంకు డబ్బుతో బండ్లు తెప్పించుకుని పెట్టుకున్న దుకాణం. ఫోర్డు వెళ్ళినప్పుడు డీలర్ల సమాఖ్య ఫాడా లెక్క చెప్పింది. 170 మంది డీలర్లు, 391 షోరూములు, పెట్టుబడి 2,000 కోట్లు, వాటిలో పనిచేసేవాళ్ళు సుమారు 40,000 మంది. కౌంటరులో నవ్వుతూ పేరు రాసుకునే అమ్మాయి, బండి కడిగే కుర్రాడు అందరూ ఆ లెక్కలోనే ఉన్నారు. ఫాక్టరీ కార్మికుల పరిహారం గురించి నెలల తరబడి వార్తలొచ్చాయి, మంచిదే. ఈ అమ్మాయి గురించి నేనైతే ఒక్క వార్తా చూడలేదు.

అమెరికాలో డీలర్ని అన్యాయంగా తొలగిస్తే కోర్టుకెళ్ళే హక్కు 1956 నుంచీ చట్టంలో ఉంది. అక్కడా అది అన్నివేళలా కాపాడిందనుకోకండి. 2009లో దివాలా కోర్టు అనుమతితో క్రైస్లర్ కంపెనీ ఒక్క దెబ్బకు 789 మంది డీలర్లను తీసేసింది. చిన్న ఊళ్ళలో పిల్లల బేస్‌బాల్ జట్లకు చొక్కాలు కుట్టించేది ఆ డీలర్లేనట! మనకైతే ఆపాటి ప్రత్యేక చట్టమూ లేదు, ఫాడా అడుగుతూనే ఉంది.

ఈలోగా ఫోర్డు మళ్ళీ వస్తోంది. 2025 అక్టోబరులో తమిళనాడు ప్రభుత్వంతో 3,250 కోట్ల ఒప్పందం కుదుర్చుకుంది. చెన్నై దగ్గరి పాత ఫాక్టరీలో 2029 నుంచి ఇంజన్లు చేస్తారట. అయితే అవి విదేశాలకు పంపడానికే. మన ఊళ్ళలో మూసిన షోరూముల మాట అందులో లేదు.