'సాని' శబ్దం – వృత్తి, మర్యాద: శ్రీకూర్మం శాసనాల నుండి విజయనగర సంగీత కళాశాల వరకు

ఫలానా వృత్తి స్త్రీలకు తగినది, ఫలానాది పురుషులకు తగినది అనే భావన నేటి కళాశాల విద్యార్థుల చదువుల ఎంపికను, ఆత్మగౌరవాన్ని, మనఃస్థిమితాన్ని ప్రభావితం చేస్తున్నది. ఈ భావన స్వభావసిద్ధమైనదిగా కనిపించినా చరిత్రలో రూపుదిద్దుకొన్నది. ఉత్తరాంధ్రకు సంబంధించినంతవరకు దీనికి బలమైన నిదర్శనం 'సాని' శబ్ద చరిత్ర. ఆ శబ్దంతో పాటు సంగీత నృత్య వృత్తుల మర్యాద ఎట్లా మారిందో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

శాసనాల సాక్ష్యం

శ్రీకాకుళం జిల్లా గార మండలంలోని శ్రీకూర్మనాథాలయ స్తంభాలపై తూర్పు గాంగుల కాలం మొదలుకొని అనేక శాసనాలు ఉన్నాయి. శక సంవత్సరం 1203 (క్రీ.శ. 1281) నాటి నరహరితీర్థుల శాసనం వీటిలో ప్రసిద్ధం. అఖండదీపాలకు, నైవేద్యాలకు చేసిన దానాలు ఈ శాసనాలలో విస్తారంగా కనిపిస్తాయి. దాతలలో రాణులు, నాయకుల భార్యలు మొదలైన స్త్రీలూ ఉన్నారు. దేవాలయ కొలువులో సానులకు నియతమైన స్థానం ఉండేది. ఆంధ్రదేశంలోని ఇతర ఆలయాల శాసనాలు కూడా దీనిని ధ్రువపరుస్తాయి. ద్రాక్షారామంలో వారు 'సానులు మున్నూఱు' అనే సమూహంగానే వ్యవహృతులయ్యారు. శాసనంలో పేరు చెక్కించుకొని దానం చేయగలగడం వారికి సొంత ఆస్తి ఉండేదనడానికి సూచన.

అర్థగ్రామ్యత – కారణాలు

సంస్కృత 'స్వామినీ' శబ్ద భవమైన 'సాని' మొదట గౌరవవాచకం. మధ్యయుగ శాసనాలలో కులీన స్త్రీల పేర్ల చివర ఇది కనిపిస్తుంది. భాషాశాస్త్ర గ్రంథాలు దీనిని అర్థగ్రామ్యతకు ఉదాహరణగా చూపుతాయి. అయితే ఆ మార్పు అన్ని పదాలలోనూ జరగలేదు. 'దొరసాని'లో గౌరవం నిలిచింది. అది భర్త హోదాను ఆశ్రయించిన గౌరవం. 'మంత్రసాని' వృత్తినామంగా నిలిచింది; ఆ వృత్తి గృహపరిధిలోనిది. సభలో ఆడిపాడి స్వయంగా ఆర్జించిన స్త్రీని చెప్పే 'సాని' ఒక్కటే నిందగా మారింది. కాబట్టి మారినది శబ్దం మాత్రమే కాదు, స్త్రీ స్వతంత్రార్జన పట్ల సమాజ దృష్టి కూడా.

పందొమ్మిదవ శతాబ్ది చివర కందుకూరి వీరేశలింగం ప్రభృతుల సంస్కరణోద్యమం భోగంమేళాలను ఖండించింది. ఆ వాతావరణంలోనే గురజాడ 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1897లో ముద్రితమైంది. విద్యార్థి వెంకటేశం ఇంగ్లీషు చదువును గిరీశం వంటివాడి చేతిలో పెట్టిన ఈ నాటకం, వివేకాన్ని వేశ్య అయిన మధురవాణి పక్షాన నిలిపింది. వృత్తిని బట్టి వ్యక్తిని నిర్ణయించే అలవాటును గురజాడ ఆనాడే ప్రశ్నించాడు.

1929 నాటి మద్రాసు చట్టం దేవదాసీ ఇనాములను ఆలయ సేవా షరతు నుండి విడదీసింది. 1947 నాటి చట్టం బాలికల అంకితాన్ని, ఆలయాలలో వారి నృత్యాన్ని నిషేధించింది. బాలిక ఇష్టాయిష్టాలతో పనిలేని అంకిత వ్యవస్థ రద్దు కావడం అవసరమే. కాని దురాచారంతో పాటు తరతరాల విద్యకూ జీవనాధారం లేకుండా పోయింది. ఆ విద్య గల స్త్రీలకు మరొక గౌరవనీయమైన కొలువును చట్టం చూపలేదు.

వేషానికి ఉన్న మర్యాద

ఇదే ప్రాంతపు తూర్పు భాగవతంలోనూ, కృష్ణాతీరపు కూచిపూడిలోనూ సత్యభామ పాత్రను సంప్రదాయంగా పురుషులే ధరించారు. స్త్రీ వేషం కట్టిన పురుషుడు ప్రశంసకు పాత్రుడయ్యాడు. అవే శృంగార పదాలకు అభినయం పట్టిన స్త్రీ నిందకు గురయింది. కళ ఒకటే, మర్యాదను నిర్ణయించింది కళాకారుల లింగం, కులం.

కళాశాల ఇచ్చిన కొత్త హోదా

1919లో విజయనగరంలో విజయరామ గానపాఠశాల ఏర్పడింది. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడు. ద్వారం వేంకటస్వామినాయుడు వయొలిన్ ఆచార్యుడు. తరగతి, పరీక్ష, డిప్లొమా అనే క్రమం సంగీతాన్ని వంశవృత్తి నుండి విద్యగా మార్చింది. విజయనగరంలో జన్మించిన పి. సుశీల ఈ కళాశాలలోనే చదివి చలనచిత్ర గాయనిగా జాతీయ ఖ్యాతి పొందారు. శతాబ్దం కిందట స్త్రీకి అపకీర్తి తెచ్చిన గానమే పట్టా చేరాక కీర్తి తెచ్చింది. ఆ విద్యను అంతవరకు నిలిపిన కళావంతుల కుటుంబాలకు మాత్రం ఆ గౌరవంలో తగిన వాటా దక్కలేదు.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. వృత్తుల లింగభేదం శాశ్వతం కాదు. వృత్తి మర్యాద ఆ పనిలోని నైపుణ్యాన్ని బట్టి గాక, చేసేవారిని బట్టి, దానికి లభించే సంస్థాగత ఆమోదాన్ని బట్టి ఏర్పడుతున్నది. మర్యాద కోల్పోయిన వృత్తి భాషలో తిట్టుగా మిగిలి, తరువాతి తరాల ఆత్మగౌరవాన్ని గాయపరుస్తున్నది. నర్తకుడు కావాలనుకొనే యువకుడు, యంత్రశాల వైపు అడుగువేసే యువతి నేడు ఎదుర్కొనే హేళన ఈ చరిత్రకు కొనసాగింపే. విద్యార్థుల వృత్తి భావనలపై జరిగే సర్వేలు వారి అభిప్రాయాలతో పాటు, వాటిని మోసుకొచ్చిన మాటలను కూడా సేకరించవలసి ఉన్నది. ఆ పనికి తెలుగు శాఖలే సమర్థమైనవి.